తాబేలు కళ్ళు ఉబ్బి మూసుకుపోతే ఏం చేయాలి?

జనవరిలో ఒక పొద్దున మా పక్కింటి పిల్లాడు చిన్న ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. "ఆంటీ, మా తాంబేలు నాలుగు రోజుల సంది కండ్లు తెరుస్తలేదు. ఏం పెట్టినా తింటలేదు" అన్నాడు, గొంతు వణుకుతుంటే. డబ్బాలో అరచేతంత తాబేలు, తల పక్కన ఎర్రటి చార ఉన్న రకం. రెండు రెప్పలూ శనగగింజల్లా ఉబ్బి ఉన్నాయి. ముందు కాలితో అదే పనిగా కన్ను రుద్దుకుంటోంది. నీళ్ళలో వేలు పెట్టి చూశాను, జిల్లుమన్నాయి. డబ్బా పక్కనే ఎండు రొయ్యల సీసా. జబ్బు ఎక్కడ మొదలైందో సగం అక్కడే తెలిసిపోయింది.

హనుమకొండలో, కాజీపేటలో తాబేలు పెంచేవాళ్ళు నాకు చాలామందే తెలుసు. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని కొందరు, పిల్లలు అడిగారని కొందరు. కన్ను ఉబ్బగానే అందరూ అడిగేది ఒకటే: ఏ చుక్కలు వేయాలి? చుక్కలు తర్వాతి సంగతి. తాబేలు కన్ను చాలాసార్లు కంటి జబ్బు వల్ల ఉబ్బదు. తిండి, నీళ్ళు, వెచ్చదనం, ఎండ, ఈ నాలుగింట్లో ఏదో తప్పుంటే అది ముందు కంటి దగ్గర బయటపడుతుంది. ఆ తప్పు సరిచేయకుండా ఎంత మందు వేసినా కన్ను మళ్ళీ మూసుకుపోతుంది.

ముందు బాగా గమనించండి

ముక్కులోంచి బుడగలు వస్తున్నాయా? నోరు తెరిచి ఊపిరి తీస్తోందా? నీళ్ళలో ఒక పక్కకు ఒరిగి తేలుతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా న్యుమోనియా కావచ్చు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. కంటి వెనక, చెవి ఉండే చోట గుండ్రంగా గడ్డలా ఉబ్బితే అది చెవిలో చీము. దానికి చిన్న ఆపరేషన్ తప్పదు, ఇంట్లో గిల్లకూడదు. తాబేలు చీము మన చీములా కారదు, పన్నీరు ముక్కలా గట్టిపడుతుంది. అందుకే నొక్కితే బయటికి రాదు.

ఇవేవీ లేకుండా రెప్పలు మాత్రమే ఉబ్బితే ఇంట్లో ఈ పనులు మొదలుపెడుతూనే డాక్టరుకు చూపించే ఏర్పాటు చేసుకోండి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. అక్కడికి వెళ్ళినా, దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్ళినా, తాబేళ్ళను చూసే డాక్టర్ ఉన్నారా అని ముందే కనుక్కోండి. ఒక్క మాట మాత్రం మరవొద్దు: కుక్కలకు, మేకలకు పురుగుల కోసం ఇచ్చే ఐవర్‌మెక్టిన్ తాబేలుకు విషం, ప్రాణం తీస్తుంది. పురుగుల మందు మాట వస్తే "ఐవర్‌మెక్టిన్ కాదు కదా సార్" అని అడగండి. అడిగితే తప్పులేదు.

వెచ్చగా పెట్టండి

తాబేలుకు ఒంట్లో వేడి పుట్టదు, బయటి నుంచే తెచ్చుకోవాలి. చలిగా ఉంటే తిన్నది అరగదు, రోగాన్ని తట్టుకునే శక్తి ఉండదు, వేసిన మందు కూడా సరిగ్గా పనిచేయదు. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రుల్లో 15 డిగ్రీల దాకా దిగే రోజులుంటాయి. తాబేళ్ళ కళ్ళు ఎక్కువగా ఉబ్బేది అప్పుడే.

ఒక వెడల్పాటి టబ్బు తీసుకుని అడుగున మెత్తటి తువ్వాలు పరవండి. ఒక కొసన అడుగు ఎత్తులో 40 లేదా 60 వాట్ల పాతకాలపు గుండ్రటి బల్బు కట్టండి. ఎల్‌ఈడీ బల్బు వేడి ఇవ్వదు. టబ్బులో 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. చేత్తో అంచనా వేయకండి, చిన్న థర్మామీటర్ పెట్టండి. వేడెక్కువైతే తప్పుకోవడానికి రెండో కొస చల్లగా ఉండాలి.

నీటి తాబేలైనా కన్ను మానేదాకా రోజంతా నీళ్ళలో ఉంచొద్దు. మురికి నీళ్ళు పుండు మీద పుండు చేస్తాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, గోరువెచ్చటి నీళ్ళలో అరగంట వదలండి. నీళ్ళు గడ్డం దాకా చాలు. కళ్ళు కనబడని, నీరసపడ్డ తాబేలు లోతు నీళ్ళలో మునిగి చనిపోతుంది. ఎర్రచారల తాబేలు నీళ్ళలో ఉంటేనే మింగగలదు కాబట్టి తిండి కూడా అప్పుడే పెట్టాలి.

కన్ను కడగడం

మెడికల్ షాపులో నార్మల్ సెలైన్ చిన్న సీసా, స్టెరైల్ గాజుగుడ్డ కొనుక్కోండి. దూది వద్దు, పోగులు రెప్పలో ఇరుక్కుంటాయి. సెలైన్ సీసాను కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచితే చలి విరుగుతుంది.

తాబేలును వెనక వైపు నుంచి పట్టుకోవాలి. బొటనవేలు డిప్ప మీద, మిగతా నాలుగు వేళ్ళు కింద. చెయ్యి జారినా దెబ్బ తగలకుండా తువ్వాలు పరిచిన బల్ల మీదే చేయండి. తల లోపలికి లాక్కుంటే బయటికి లాగొద్దు. గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి రెండు నిమిషాలు ఊరుకుంటే తనే మెడ చాపుతుంది. అప్పుడు రెప్ప మీద ఐదారు చుక్కలు సెలైన్ వేసి ఒక నిమిషం ఆగండి. పొరలా అతుక్కున్నది నానుతుంది. గాజుగుడ్డ కొసను తడిపి, ముక్కు వైపు నుంచి బయటికి ఒక్కసారి మెల్లగా తుడవండి. రెండో కంటికి వేరే గుడ్డ. తెల్లటి పొర దానంతట అది ఊడొస్తే మంచిదే, లేకపోతే రేపటి దాకా ఆగండి. గోరుతోనో పట్టకారుతోనో లాగితే కంటిపాప చీరుకుపోతుంది.

పిల్లాడి తాబేలుకు మూడో రోజు కడుగుతుండగా బియ్యపుగింజంత తెల్లటి ముక్క గుడ్డకు అంటుకుని వచ్చింది. దాని వెనక సన్నటి గీతలా నల్లటి కన్ను. వాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

చుక్కల సంగతి

ఏళ్ళ కిందట నేను చేసిన తప్పు చెప్తాను. ఇంట్లో ఎవరికో కండ్లకలక వచ్చినప్పుడు తెచ్చిన చుక్కలు మిగిలుంటే మా తాబేలుకు వేశాను. రెండు రోజులు వాపు తగ్గినట్టే ఉంది. తర్వాత కంటిపాప మీద తెల్లటి మచ్చ పడింది, ఆ కంటికి చూపు రాలేదు. సీసా తిప్పి చూస్తే యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథాసోన్ కూడా ఉంది. అది స్టెరాయిడ్. కంటిపాప మీద పుండు ఉన్నప్పుడు స్టెరాయిడ్ పడితే అది మానదు, ఇంకా లోతుకు పోతుంది. అందుకే డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ అన్న పేర్లు సీసా మీద కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఏ యాంటీబయాటిక్, రోజుకు ఎన్నిసార్లు అన్నది డాక్టరే చెప్పాలి. ఆయింట్‌మెంట్ రాశాక గంటసేపు నీళ్ళలో వదలొద్దు.

నందివర్ధనం పూలు, తేనె, పసుపు నీళ్ళు, చనుబాలు కూడా వద్దు. మన పెద్దవాళ్ళు మన కళ్ళకు వాడిన నమ్మకంతో చెప్తారు, వాళ్ళ ప్రేమను కాదనను. కానీ ఉబ్బి మూసుకుపోయిన రెప్ప కింద తీపి, పాలు చేరితే సూక్ష్మజీవులకే మేత.

తిండి

వాపుకు ఎక్కువసార్లు అసలు కారణం విటమిన్ ఏ లోపం. ఈ విటమిన్ తగ్గితే కన్నీటి గ్రంథుల నాళాల లోపలి పొర మందంగా, గట్టిగా మారి దారి మూసుకుపోతుంది. ఊరిన ద్రవం బయటికి పోలేక రెప్ప ఉబ్బుతుంది, దాని మీద ఇన్‌ఫెక్షన్ చేరుతుంది. గుడ్డులోంచి వచ్చేటప్పుడు పిల్ల తాబేలు తెచ్చుకున్న నిల్వ కొన్ని నెలలు కాపాడుతుంది. ఎండు రొయ్యలు, అన్నం, మరమరాలు మాత్రమే పెట్టే ఇళ్ళలో కొన్న కొన్నాళ్ళకు కళ్ళు ఉబ్బేది అందుకే.

ఎర్రచారల తాబేలు అన్నీ తినే జీవి. ముళ్ళతో సహా చిన్న పచ్చి చేపలు, వానపాములు, వారానికోసారి గోటిమీద పట్టేంత కోడి కార్జం, తురిమిన గుమ్మడికాయ, క్యారెట్, మునగాకు, మెంతికూర పెట్టండి. పేరున్న తాబేలు పెల్లెట్లు వీటికి తోడు. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియంను పట్టేస్తాయి. క్యారెట్ రసంలో నానబెడితే కన్ను తెరుస్తుందన్న మాట విని ఊరుకోకండి, విటమిన్ పొట్టలోకి వెళ్ళాలి. విటమిన్ ఏ ఇంజెక్షన్ కూడా తొందరపడి వేయించకండి. మోతాదు మించితే తోలు ఊడిపోతుంది. బరువు తూచి డాక్టరు లెక్కగట్టాల్సిన మందు అది.

కళ్ళు మూసుకున్న తాబేలు తిండి చూడలేదు. వానపామును ముక్కు దగ్గర కదిలిస్తే వాసనకు నోరు తెరవొచ్చు. వారం దాటినా తినకపోతే గొట్టంతో పెట్టించాలి.

ఎండ, నీళ్ళు

కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో వెలుతురే ఉంటుంది, తాబేలుకు కావలసిన యూవీబీ కిరణాలు ఉండవు. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య ఇరవై నిమిషాలు బయట పెట్టండి, సగం టబ్బు నీడలో ఉండాలి, పిల్లి, కాకి రాకుండా మీరు పక్కనే ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో కొద్ది నిమిషాల్లోనే టబ్బు నీళ్ళు కాగిపోతాయి. జాగ్రత్త.

నల్లా నీళ్ళు ఒక రోజు నిల్వ ఉంచి పోస్తే చాలావరకు క్లోరిన్ పోతుంది. ఫిల్టర్ లేకపోతే రెండు రోజులకోసారి మొత్తం మార్చాలి, లేదంటే రెట్టలోంచి వచ్చే అమ్మోనియా కళ్ళను మండిస్తుంది. ఆ టబ్బును వంటింటి సింకులో కడగొద్దు. ముట్టుకున్నాక పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి, తాబేలు మీద సాల్మొనెల్లా అనే, విరేచనాలు తెప్పించే సూక్ష్మజీవి ఉండొచ్చు.

బాక్స్ టర్టిల్ అయితే లెక్క వేరు. అది అమెరికా నుంచి వచ్చిన నేల తాబేలు, డిప్పను డబ్బాలా పూర్తిగా మూసుకుంటుంది. దానికి గాలిలో తేమ 60 నుంచి 80 శాతం ఉండాలి. మన ఎండాకాలపు పొడిగాలికి, కూలర్ గాలికి కళ్ళు ఎండిపోయి ఉబ్బుతాయి. తడి కొబ్బరిపొట్టు పరిచి, రోజూ నీళ్ళు చిలకరించండి. దాన్ని పెంచేవాళ్ళు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. ఇక నక్షత్ర తాబేలు, మన చెరువుల్లో దొరికే తాబేలు ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. అలాంటిది మీ దగ్గరుంటే అటవీ శాఖకు అప్పగించండి. ఎర్రచారలదాన్ని మాత్రం పెంచలేక భద్రకాళి చెరువులో వదలొద్దు, అది అక్కడి తాబేళ్ళ తిండి, చోటు లాక్కుంటుంది.

కోలుకోవడం మెల్లగా జరుగుతుంది, రెండు వారాలు పట్టొచ్చు, నెల కూడా పట్టొచ్చు. కన్ను తెరిచింది కదా అని ఆయింట్‌మెంట్ మధ్యలో ఆపకండి. పిల్లాడి తాబేలు తొమ్మిదో రోజున ఎడమ కన్ను తెరిచి వానపామును లాక్కుంది. కుడి కన్ను తెరవడానికి ఇంకో పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ వాడు బడికి వెళ్ళే ముందు థర్మామీటర్ చూసి, అంకె కాగితం మీద రాసి వెళ్ళాడు.