కుక్క అరుపు ఆగడం లేదా? ముందు అది ఏ అరుపో తేల్చండి

ఇంట్లో కుక్క అదే పనిగా అరుస్తోందని ఎవరితో చెప్పుకున్నా వినిపించే సలహా ఒకటే: "పట్టించుకోకండి, అదే ఊరుకుంటుంది." మీ చేతిలో ఉన్న బంతి కోసం మీ ముందు నిలబడి మొరిగే కుక్కకు ఈ సలహా సరిగ్గా పనిచేస్తుంది. ఒంటరిగా ఉండలేక తలుపు గీరుతూ ఏడ్చే కుక్క విషయంలో అదే సలహా పాటిస్తే దాని భయం ఇంకా ముదురుతుంది. పక్కింటివాళ్లకు రెండూ ఒకేలా వినిపిస్తాయి. కారణాలు వేరు, చేయాల్సిన పనులు కూడా వేరు. కొన్నిసార్లు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం కూడా.

ఇంకో మాట కూడా ముందే అనుకుందాం. కుక్క అసలు మొరగనే కూడదని ఆశ పెట్టుకోవద్దు. బసెంజీ లాంటి ఒకటీ అరా జాతులు మామూలుగా మొరగవు, అవి కూడా వేరే వింత కూతలు కూస్తాయి. ఫిన్నిష్ స్పిట్జ్‌నైతే వేటలో పక్షి ఎక్కడుందో మొరిగి చూపించడానికే పెంచారు. అలాంటి కుక్కను తెచ్చుకుని నిశ్శబ్దం కోరుకుంటే మీకూ దానికీ ఇద్దరికీ టెన్షనే. రెండు మూడుసార్లు మొరిగి, మీరు పిలవగానే ఆపితే చాలు.

మందు కంటే ముందు పరీక్ష

ఒక కాగితం ఫ్రిజ్‌కి అంటించి, అరిచిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాయండి. టైమ్ ఎంత, అప్పుడు అక్కడ ఏముంది, కుక్క ఒళ్లు ఎలా ఉంది (తోక, చెవులు, వీపు మీద వెంట్రుకలు), అరిచాక ఏం జరిగింది. అందరూ రాయకుండా వదిలేసేది ఆ చివరిదే. గుట్టు ఎక్కువగా ఉండేదీ అక్కడే. అరిచాక తలుపు తెరుచుకుందా? ఎవరైనా దాని వైపు తిరిగి తిట్టారా? గేటు దగ్గరి మనిషి వెళ్లిపోయాడా? మీరు ఇంట్లో లేనప్పటి సంగతి కోసం పాత ఫోన్ ఒకటి అల్మారా మీద పెట్టి వీడియో తీయండి.

చెవులకు కూడా పని చెప్పండి. 2005లో బుడాపెస్ట్‌లోని ఏట్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడీ అనే హంగేరీ జాతి కుక్కల అరుపులు వేర్వేరు సందర్భాల్లో రికార్డు చేసి జనానికి వినిపించారు. గుడ్డిగా ఊహిస్తే వచ్చేదానికంటే మెరుగ్గానే వాళ్లు సందర్భాన్ని పట్టేశారు, కుక్కను ఎన్నడూ పెంచనివాళ్లతో సహా. బొంగురుగా, వెంటవెంటనే వచ్చే అరుపు కోపంగా తోస్తుంది. సన్నటి గొంతుతో వచ్చేది భయంగానో దిగులుగానో తోస్తుంది. కాబట్టి మీ కుక్క గొంతు మీద మీకున్న అంచనాను తీసిపారేయకండి, వీడియోతో సరిపోల్చుకోండి.

ఒక మినహాయింపు ఉంది. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే కుక్క ఉన్నట్టుండి అరవడం మొదలుపెట్టినా, ఎత్తుకోబోతేనో మెట్లెక్కుతుంటేనో అరిచినా, ట్రైనింగ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు వెటర్నరీ డాక్టరుకు చూపించండి. చెవి ఇన్ఫెక్షన్, పంటి నొప్పి, కీళ్ల నొప్పి ఏదైనా కావచ్చు. మనం వాడే నొప్పి మాత్ర మాత్రం వేయొద్దు. ఐబుప్రోఫెన్ లాంటివి కుక్క కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి.

సమస్య: బెల్ మోగినా, కిటికీలోంచి ఎవరు కనిపించినా పరుగెత్తుకెళ్లి మొరుగుతుంది

ఎక్కువ ఇళ్లలో గొడవ ఇదే. తోక నిటారుగా, ఒళ్లు ముందుకు వంగి ఉంటుంది. ఇది కాపలా అరుపు. దీన్ని రోజూ బలపరిచేది ఆ దారిన పోయేవాళ్లే. కుక్క వైపు నుంచి చూడండి: పార్సిల్ పట్టుకుని ఒకడు గేటు దగ్గరికొచ్చాడు, నేను మొరిగాను, వాడు వెళ్లిపోయాడు. అతను పార్సిల్ ఇచ్చేసి తన పని మీద తాను పోయాడని దానికెలా తెలుస్తుంది? తరిమేసింది తనే అనుకుంటుంది. రోజూ గెలిచే ఆటను ఎవరు మాత్రం మానేస్తారు?

అందుకే మొదట ఆ ఆట ఆడే అవకాశమే తగ్గించాలి. కిటికీ అద్దానికి కుక్క కంటి ఎత్తు దాకా మసక ఫిల్మ్ అంటించండి. కిటికీ పక్కనున్న సోఫాను జరపండి. బాల్కనీలో దాన్ని ఒక్కదాన్నే వదలకండి. మెట్ల మీది అడుగుల చప్పుడే కారణమైతే, కుక్క పడుకునే చోటును ముందు తలుపుకు దూరంగా మార్చి ఫ్యాన్ వేసి ఉంచండి. ఇది ట్రైనింగ్ కాదు, నిజమే. కానీ సాయంత్రం పది నిమిషాలు మీరు కొత్త పాఠం చెప్పి, పగలంతా అది కిటికీ దగ్గర పాత పాఠమే వల్లె వేస్తుంటే గెలిచేది పాతదే.

తర్వాత "చాలు" అన్న మాట నేర్పండి. మొరుగుడు మధ్యలో కాదు, ఇల్లు ప్రశాంతంగా ఉన్నప్పుడు. మామూలు గొంతుతో ఒక్కసారి "చాలు" అని, వెంటనే దాని ముక్కు దగ్గర గోరంత ట్రీట్ పెట్టండి. ఆ మాట వినపడగానే తల మీ వైపు తిరిగేదాకా ఇదే చేస్తూ ఉండండి. ఆ తర్వాతే చిన్నపాటి మొరుగుడు మీద వాడి చూడండి. తల తిప్పింది, నోరు మూసింది: రెండు సెకన్లు ఆగి ఇవ్వండి. కుదిరితే ఐదు సెకన్లు, తర్వాత పది. ఈ ఆగడం ముఖ్యం, మీరు డబ్బు చెల్లిస్తున్నది నిశ్శబ్దానికి.

తెలివైన కుక్కలతో ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. మొరగడం, ఆపడం, ట్రీట్ తినడం, మూడూ కలిపి ఒకే ఆటగా నేర్చుకుంటాయి. కావాలని ఒక కేక వేసి, ఆపి, "ఏదీ?" అన్నట్టు మీ చేతి వైపు చూస్తాయి. దీనికి విరుగుడు, అసలు మొరగని క్షణాలకు ఇంకా మంచిది ఇవ్వడమే. కిటికీ వైపు చూసింది, చెవులు లేచాయి, ఇంకా నోరు తెరవలేదు: అదే మీ అవకాశం.

కాలింగ్ బెల్‌కి వేరే పాఠం కావాలి. బెల్ శబ్దాన్ని ఫోన్లో రికార్డు చేసి, కుక్క చెవి కదిపి ఊరుకునేంత తక్కువ సౌండ్‌లో వినిపించండి. వినగానే దాని చాప మీద ట్రీట్ వేయండి. సౌండ్ కొద్దికొద్దిగా పెంచండి. తర్వాత ఇంట్లోవాళ్లే అప్పుడప్పుడు ఊరికే నిజం బెల్ కొట్టాలి, ఎవరూ లోపలికి రాకూడదు. కొంతకాలానికి బెల్ అంటే తలుపు దగ్గరికి ఉరకడం కాదు, చాప దగ్గరికి వెళ్లడం అని అర్థమవుతుంది.

అరుపు ఆపడానికి మనం అరవడం దండగ. "ఆపు" అని దానికి అర్థం కాదు, గొడవ పెద్దదైందని మాత్రం అర్థమవుతుంది.

సమస్య: మీ కళ్లలోకి చూస్తూ, ఆగి ఆగి మొరుగుతుంది

ఒక మొరుగు. ఆగి మీ ముఖం చూడటం. మళ్లీ ఒకటి. మీరు ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు మరీను, ఎందుకంటే అప్పుడే మీరు త్వరగా లొంగుతారని దానికి తెలుసు. ఇది అడుక్కోవడం, నేర్పింది మనమే.

గిన్నెలో నీళ్లున్నాయా, బయటికి తీసుకెళ్లే టైమైందా అన్నది మొదట చూసుకోండి. అవేవీ కావని తేలితే పట్టించుకోకూడదు, పూర్తిగా. చూడొద్దు, తిట్టొద్దు, చేత్తో నెట్టొద్దు. తిట్టు కూడా దానికి పలకరింపే. మొదట్లో అరుపు తగ్గదు సరికదా పెరుగుతుంది. లిఫ్ట్ రాకపోతే మనం బటన్ ఇంకా గట్టిగా, మళ్లీ మళ్లీ నొక్కుతాం చూడండి, ఇదీ అంతే. ఆ దశలో లొంగిపోతే ఇంకా గట్టిగా అరిస్తేనే పనవుతుందని స్వయంగా నేర్పినట్టు. చాటుగా ఒక ముక్క పెట్టే మనిషి ఇంట్లో ఒక్కరున్నా చాలు, శ్రమంతా వృథా. అప్పుడప్పుడు దొరికేదాని మీద ఆశ చావదు. దాంతోపాటు, నోరు మెదపకుండా కూర్చున్నప్పుడు మీరే వెళ్లి పలకరించండి, అడగకముందే.

కుక్కపిల్ల సాయంత్రాలు పిచ్చిపట్టినట్టు అరుస్తూ కొరుకుతుంటే అది అల్లరి కాకపోవచ్చు, నిద్ర చాలకపోవడం కావచ్చు. కూనలు రోజులో 18 గంటలు, ఇంకా ఎక్కువ కూడా పడుకుంటాయి. పిల్లలు దాన్ని పడుకోనిస్తున్నారో లేదో చూడండి.

సమస్య: ఇంట్లో ఎవరూ లేనప్పుడు అరుస్తోందని పక్కింటివాళ్ల ఫిర్యాదు

వీడియో లేకుండా దీని జోలికి వెళ్లొద్దు. ఇక్కడ రెండు కారణాలున్నాయి, ఒకదాని మందు రెండోదానికి పనికిరాదు.

మొదటిది విసుగు. ఇలాంటి కుక్క మీరు వెళ్లాక కాసేపు పడుకుంటుంది, లేస్తుంది, చెప్పు కొరుకుతుంది, బయటి చప్పుడుకు మొరుగుతుంది, మళ్లీ పడుకుంటుంది. వెళ్లే ముందు వాకింగ్‌లో దాన్ని లాక్కెళ్లకుండా తీరిగ్గా వాసనలు చూడనివ్వండి. తిండిని గిన్నెలో పోయకుండా పాత టవల్లో చుట్టిపెట్టి వెతుక్కోనివ్వండి. నమలడానికి గట్టి బొమ్మ ఇవ్వండి. ఈ కేసు సులువుగానే తేలుతుంది.

రెండోది భయం. మీరు తాళంచెవులు తీసినప్పుడే మొదలవుతుంది. మీరు వెళ్లిన కాసేపట్లోనే తలుపుకూ కిటికీకీ మధ్య ఆగకుండా తిరగడం, రొప్పడం, చొంగ కారడం, తలుపు అంచు గీరడం, అలవాటు లేకపోయినా ఇంట్లోనే తడిపేయడం. అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఒకటుంది: వెళ్తూ వెళ్తూ పెట్టిన ఇష్టమైన ట్రీట్ మీరు తిరిగొచ్చేదాకా ముట్టకుండా అలాగే ఉంటుంది.

దీనికి శిక్ష పనికిరాదు, "అలవాటైపోతుందిలే" అని వదిలేయడమూ పనికిరాదు. బోనులో పెట్టి వెళ్తే కొన్ని కుక్కలు చువ్వలు కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటాయి. చేయాల్సింది వినడానికి చాదస్తంగా ఉంటుంది. తాళంచెవులు తీసి మళ్లీ కూర్చోండి. తలుపు తెరిచి మూయండి. బయట అడుగుపెట్టి వెంటనే లోపలికి రండి. తర్వాత ఐదు సెకన్లు, ఇరవై, ఒక నిమిషం. మధ్యమధ్య మళ్లీ ఐదు సెకన్లు పెట్టండి, ప్రతిసారీ పెంచుకుంటూ పోతే కుక్క పసిగడుతుంది. రూలు ఒక్కటే: అది కంగారుపడక ముందే మీరు తిరిగి రావాలి. అందుకే బయట నిలబడి ఫోన్లో దాన్ని చూస్తూ ఉండాలి. ఈ వారాల్లో వీలైనంతవరకు దాన్ని ఒంటరిగా వదలకుండా ఎవరో ఒకరు తోడుండే ఏర్పాటు చేసుకోండి.

భయం తీవ్రంగా ఉంటే డాక్టరుతో మందుల గురించి మాట్లాడటానికి మొహమాటపడొద్దు. క్లోమిప్రమైన్, ఫ్లూఆక్సెటిన్ మందులకు ఈ సమస్య ఉన్న కుక్కల కోసమే, ట్రైనింగ్‌తో కలిపి వాడేలా, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం ఉంది. మత్తుగా పడేసే మందులు కావవి, ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది. మోతాదు డాక్టరే చెప్పాలి. తోడుగా ఇంకో కుక్కను తెస్తే సరిపోతుందనుకోవడం మాత్రం తొందరపాటు. దాని బెంగ మనిషి మీద. రెండు కుక్కలు అరిచే ఇల్లు తయారవ్వొచ్చు.

సమస్య: ఇంటికి వచ్చినవాళ్లను చూసి వెనక్కి జరుగుతూ మొరుగుతుంది

కాపలా అరుపుకు దీనికి తేడా ఒంట్లో కనిపిస్తుంది. తోక కిందికి, బరువు వెనక కాళ్ల మీద. ఇది భయం. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మి ఎవరినీ చేయి చాపనివ్వకండి, మూలకు నెట్టితే ఈ కుక్కే కరుస్తుంది. వచ్చినవాళ్లు దాన్ని చూడకుండా, పలకరించకుండా కూర్చోవాలి. ట్రీట్ వేస్తే తమ వైపు కాదు, దాని వెనక్కి వేయాలి. దూరం దొరికితే ధైర్యం వస్తుంది. దగ్గరికి రావాలా వద్దా అన్నది కుక్క ఇష్టం.

సమస్య: ఏమీ లేకపోయినా, రాత్రిపూట అరుస్తుంది

ఏమీ లేదని మనకు అనిపిస్తుంది. మన చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే కుక్క చెవి 45,000 దాకా వెళ్తుంది. అల్మారా వెనక ఎలుక, కూతపెట్టే ఛార్జర్ దానికి వినిపిస్తాయి. అది చూస్తున్న వైపు వస్తువులు జరిపి వెతకండి.

ముసలి కుక్క అయితే దారి వేరు. పగలు పడుకుని రాత్రి తిరగడం, గోడ వైపు చూస్తూ నిలబడటం, తలుపు వెనక ఇరుక్కుని బయటికి రాలేకపోవడం వయసుతో వచ్చే మతిమరుపు జబ్బు గుర్తులు. చూపు, వినికిడి తగ్గినా రాత్రులు బెదిరి అరుస్తుంది. డాక్టరుకు చూపించండి, ఈలోగా దాని పక్క దగ్గర చిన్న లైటు వేసి ఉంచండి, సామాన్లు చోటు మార్చకండి.

షాక్ కాలర్ కొందామా?

వద్దు. మొరిగితే మెడకు కరెంటు షాక్ ఇచ్చే పట్టీ ఇది. నొప్పి తగిలిన క్షణంలో కుక్క గేటు దగ్గర ఒక పిల్లవాణ్ని చూస్తోందనుకోండి, ఆ నొప్పిని తన అరుపుతోనే ముడిపెడుతుందన్న గ్యారంటీ లేదు, ఆ పిల్లవాడితో ముడిపెట్టొచ్చు. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2010 నుంచి వీటి వాడకం నిషేధం. అరుపు వినపడకుండా చేసే స్వరపేటిక ఆపరేషన్ అంతకంటే దారుణం. పెంపుడు జంతువుల రక్షణ కోసం 1987లో వచ్చిన యూరప్ ఒడంబడిక దాన్ని నిషేధించింది. పైగా ఆ తర్వాత కూడా కుక్క అరుస్తూనే ఉంటుంది, గొంతు బొంగురుపోతుందంతే.

అన్నీ చేసినా మార్పు లేకపోతే

ఫ్రిజ్ మీది కాగితం మళ్లీ చూడండి. రోజుకు ముప్పైసార్లు అరిచేది పదిహేనుకు వస్తే మనకు తేడా తెలియదు, కాగితానికి తెలుస్తుంది. అంకెల్లోనూ మార్పు లేకపోతే మూడు చోట్ల వెతకండి. ఇంట్లో ఎవరో ఇంకా అరుపుకు ప్రతిఫలం ఇస్తూ ఉండొచ్చు. మీరు మెట్లు మరీ పెద్దవి వేస్తూ ఉండొచ్చు, అంటే బెల్ సౌండ్ ఒక్కసారిగా పెంచడం, ఐదు సెకన్ల నుంచి అరగంటకు దూకడం లాంటివి. ఈ రెండూ కాకపోతే కారణమే తప్పుగా పట్టుకున్నారన్నమాట. ఆ వీడియోలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. గదిలో కుక్క నోరు మెదపకపోయినా, ఫోన్లో ఉన్నది ఆయన చూడగలరు.