ఇంట్లో ఆంప్లిఫయర్ చేసుకుందాం, 4వ భాగం: బోర్డు తగిలించే ముందు సప్లై వోల్టేజీలు

పోయిన భాగంలో 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్ల బ్రిడ్జి, రెండు 4700 మైక్రోఫారడ్ కండెన్సర్లు సోల్డర్ చేసి పక్కన పెట్టాం కదా, ఇక్కడికి రాగానే చాలామంది ఆత్రం ఆగక టీడీఏ7294 (ఆంప్లిఫయర్ చిప్) బోర్డు తగిలించేస్తారు, దయచేసి అలా చెయ్యకండి. ఇవాళ బోర్డు టేబుల్ మీదకే రానివ్వొద్దు.

ముందు సీరీస్ బల్బు. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్ఈడీది పనికిరాదు, ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి, అంటే కరెంటు ఇచ్చే పక్కకి, వెళ్లే ఫేజ్ వైరు మధ్యలో పెట్టండి. స్విచ్ వెయ్యగానే బల్బు ఒక్కసారి వెలిగి, కండెన్సర్లు నిండేకొద్దీ తగ్గిపోతే బాగున్నట్టే. అలాగే వెలుగుతూ ఉంటే వెంటనే ఆపెయ్యండి, ఎక్కడో షార్ట్ ఉంది, ఎక్కువగా మైనస్ పక్క కండెన్సర్ తిరగబడి ఉంటుంది. ఆ పక్క ప్లస్ కాలు గ్రౌండ్‌కి (ట్రాన్స్‌ఫార్మర్ మధ్య 0 వైరుకి) వెళ్లాలి, గీత ఉన్న మైనస్ కాలు మైనస్ లైనుకి. నేను మొదటిసారి కట్టినప్పుడు గీత ఉన్న కాళ్లు రెండూ గ్రౌండ్‌కే వేశాను, సీరీస్ బల్బు సంగతి అప్పటికి తెలీదు, కాసేపటికే మూత ఉబ్బి టప్పున పేలింది, గదంతా ఘాటు వాసన. అప్పుడు ముఖం దాని మీదకి వంచి ఉంటే కళ్లు పోయేవి, అందుకే స్విచ్ వేసేటప్పుడు దూరంగా నిలబడండి అని ప్రతిసారీ చెప్తాను.

బల్బు ఆరిపోయాక స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, బల్బు తీసేసి డైరెక్టుగా ఇచ్చి కొలవండి. మీటరు నల్ల ప్రోబు సెంటర్ ట్యాప్, అంటే ఆ 0 వైరు దగ్గరే ఉండాలి, దాన్ని కదపొద్దు, ఎర్ర ప్రోబు ఒక్కటే తిప్పండి. ఏసీ రేంజిలో సెకండరీ (24 వోల్టులు వచ్చే పక్క) రెండు చివర్లూ చూస్తే నాకు 25.2 వచ్చింది, లోడు లేనప్పుడు 24 కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. దాన్ని 1.414తో గుణించి డయోడుకి ఒక వోల్టు దాకా తీసెయ్యండి, 34.8 దగ్గరకి వస్తుంది. డీసీ రేంజిలో ప్లస్ లైను 34.8, మైనస్ లైను -34.7 వచ్చాయి. "24 వోల్టులే కదా" అని 35 వోల్టుల కండెన్సర్లు కొనేవాళ్లు ఈ అంకె చూడాలి, అంచు మీద నిలబెట్టినట్టే, 50 వోల్టులవి పెట్టండి. టీడీఏ2030 అనే చిన్న చిప్‌తో కడుతున్నవాళ్లకైతే ఇది ఇంకా ముఖ్యం, దాని హద్దు ప్లస్ మైనస్ 18, అంటే 15-0-15 కూడా ఎక్కువే, 12-0-12 తీసుకోండి.

కొలిచినప్పుడల్లా పక్కనే ఇంటి సాకెట్లో వోల్టేజీ ఎంతుందో కూడా రాసుకోండి. మా విజయవాడలో మే నెల రాత్రి వీధిలో ఏసీలన్నీ ఆన్ అయ్యాక మా ఇంట్లో 205 చూశాను, తెల్లవారుజామున అదే సాకెట్లో 243. మన ప్లస్, మైనస్ లైన్లు కూడా దాంతోపాటే 30 నుంచి 36 దాకా ఊగుతాయి, కాబట్టి ఎక్కువ వోల్టేజీ ఉన్న టైములో కొలిచిందే లెక్క.

అయితే లోడు లేకుండా అన్నీ బాగానే కనిపిస్తాయి, ఒక డయోడు ఓపెన్ అయి ఉన్నా మీటరు 34 చూపిస్తుంది, ఇక్కడే మోసపోతాం. ఆటోనగర్ వెళ్లి 12 వోల్టుల 21 వాట్ల బ్రేక్ లైటు బల్బులు ఆరు తెచ్చుకోండి. మూడేసి సీరీస్‌లో కలిపి ఒక వరస ప్లస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య, ఇంకో వరస మైనస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య. ఒక్కో వరస 1.7 ఆంపియర్ల దాకా లాగుతుంది, బాగా వేడెక్కుతాయి, ముట్టుకోవద్దు. రెండు లైన్లూ 30, 31కి దిగితే పర్లేదు. ఒక పక్క మాత్రమే బాగా కిందికి పోతే ఆ పక్క డయోడో సోల్డరింగో చూడండి. రెండూ 25కి పడిపోతే ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన 5 ఆంప్స్ నిజం కాదన్నమాట.

ఆపాక కూడా కండెన్సర్లలో చార్జి ఉంటుంది. 100 ఓమ్ 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్‌ని ప్లాస్టిక్ పిడి ఉన్న ప్లయర్‌తో పట్టుకుని ఒక్కో లైనుకీ గ్రౌండ్‌కీ మధ్య అయిదు సెకన్లు ఆనించి, మీటరులో 1 వోల్టు లోపు చూశాకే చెయ్యి పెట్టండి.