ముందు ఒక ఎకరం నడవండి

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, బియాట్రిస్ పట్టణానికి చేరువలో ఉన్న హోమ్‌స్టెడ్ జాతీయ చారిత్రక ఉద్యానవనానికి వెళ్లేవారు, కారు దిగగానే మ్యూజియంలోకి వెళ్లిపోకుండా, సరిగ్గా ఒక ఎకరం విస్తీర్ణంతో నిర్మించిన పార్కింగ్ స్థలం చుట్టూ ఒకసారి నడవండి. ప్రభుత్వ భూమిని సాగు చేసుకునేవారికి పంచిపెట్టిన 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద ఒక్కో దరఖాస్తుదారుకు గరిష్ఠంగా 160 ఎకరాలు ఇస్తూ, ఐదేళ్లు అక్కడే నివసించి సాగు చేయాలని పెట్టిన షరతు ఎంత బరువైనదో అప్పుడే బోధపడుతుంది. దారి పక్కన నిలిపిన రాష్ట్రాల పలకలను కూడా ఆగి చూడండి. ఆయా రాష్ట్రంలో ఎంత భాగం భూమిని ఇలా పంచారో వాటిలో కత్తిరించిన చదరపు ఖాళీలు చూపుతాయి. ఆ భూములన్నీ అంతకుముందు మూలవాసులవి కాబట్టి, వారి గురించిన ప్రదర్శనను తప్పక, తీరిగ్గా చదవండి. పచ్చిక మైదానంలో నడవడానికి కనీసం గంట మిగుల్చుకోండి.