పాప గదిలో ఎత్తు అరలు

మా పాప గదిలో ఆరడుగుల ఎత్తున అరలు నేనే బిగించాను. మంచం పైన మాత్రం వద్దు, ఏది జారినా పిల్ల మీదే పడుతుంది. 18 ఎంఎం ప్లైవుడ్, తొమ్మిదంగుళాల వెడల్పు చాలు. స్విచ్ బోర్డుకు నిలువుగా పైనా కిందా డ్రిల్ పెట్టకండి, లోపల వైర్లుంటాయి. లెవెల్‌కి తాపీమేస్త్రీలు వాడే నీళ్ల గొట్టమే నాకు నమ్మకం.

అసలు బలమంతా గోడలోనే. రంధ్రం ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి దాదాపు రెండంగుళాలు దిగాలి. రంధ్రంలో దుమ్ము ఊదేశాక, స్క్రూ పట్టుకోవడానికి లోపల పెట్టే ప్లాస్టిక్ ప్లగ్గు సుత్తితో కొడితేనే దిగేంత బిగుతుగా ఉండాలి. వేలితో నొక్కగానే దిగిందంటే ఆ రంధ్రం వదిలేసి పక్కన వేయండి, సర్దుకుపోవద్దు. అరను కింద నుంచి మోసే బ్రాకెట్ ఒకటి పెట్టాక, రెండడుగుల లోపే ఇంకోటి రావాలి. అర ముందువైపు అంచు ఉప్పుకాగితంతో గుండ్రంగా రుద్దండి.

ఇష్టమైన బొమ్మలు పైన పెడితే కుర్చీ వేసుకుని ఎక్కేస్తారు. అక్కడ స్వెట్టర్లు, పొట్టయిపోయిన గౌన్లు పెట్టండి.