పెరటి కోళ్లకి టెస్టులు, హెల్త్ సర్టిఫికెట్: ఎవర్ని అడగాలి, ఏం అడగాలి

ఇంటెనక పదో ఇరవయ్యో నాటుకోళ్లు పెంచుకునేవాళ్లకి కూడా ఇప్పుడు కాగితం అవసరం పడుతోంది. కోడిపిల్లల్ని అమ్ముదామన్నా, పుంజుని వేరే జిల్లాకి పంపుదామన్నా "రోగాలేం లేవుగా, డాక్టరు చూశాడా" అని అడుగుతున్నారు, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ చూశాక అడగడంలో తప్పు కూడా లేదు.

ముందు ఒకటి క్లియర్ చేస్కోండి. "ఈ కోళ్లకి ఏ రోగం లేదు, ఇక రాదు" అని ఏ డాక్టరూ రాసివ్వడు. హెల్త్ సర్టిఫికెట్ అంటే నేను చూసిన రోజు వీటిలో అంటురోగం లక్షణాలు కనపడలేదు అని, అంతే. ల్యాబ్ రిపోర్టైతే ఏ రోగానికి టెస్ట్ చేశారో ఆ ఒక్కదాని గురించే మాట్లాడుతుంది. బర్డ్ ఫ్లూ లేని కంపార్ట్‌మెంట్లు అని 2023లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ మన దేశంలో 26 ఆమోదించింది, అన్నీ మహారాష్ట్ర, తమిళనాడు, యూపీ, ఛత్తీస్‌గఢ్‌లోవే, అవి లోపలికి పిట్ట కూడా దూరకుండా మేనేజ్ చేసే ఫారాలు. మన కోడి పొద్దున్నే గంప ఎత్తగానే పక్కింటి పెంటకుప్ప మీదుంటుంది, ఆ రేంజ్ కాగితం దీనికి రాదు.

వెళ్లాల్సింది మీ మండలం పశువుల ఆసుపత్రికి. ఏపీలో రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక అసిస్టెంట్ టీకాలకి బాగా హెల్ప్ చేస్తారు గానీ సర్టిఫికెట్ మీద సంతకం మాత్రం రిజిస్టర్డ్ పశువైద్యుడిదే అయ్యుండాలి, 1984 నాటి వెటర్నరీ కౌన్సిల్ చట్టం అదే చెప్తుంది. కాబట్టి మందుల షాపులో ఎవరో ప్యాడ్ మీద రాసిచ్చింది పనికిరాదు. కదల్లేని పరిస్థితైతే 1962కి ఫోన్ చెయ్యండి, రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్యం నంబరు అదే.

డాక్టరు దగ్గరికెళ్లే ముందు ఒక నోట్‌బుక్ రెడీ చేస్కోండి, నన్నడిగితే టెస్టులకన్నా ఇదే ముఖ్యం. ఎన్ని పెట్టలు, ఎన్ని పుంజులు, ఎక్కడ కొన్నారు, ఏ తేదీన ఏ టీకా వేశారు, ఎన్ని ఎప్పుడు చచ్చాయి. మామూలుగా కొక్కెర తెగులుకి, అదే రాణిఖెత్ అంటారు, అయిదారు రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో లసోటా టీకా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్2బి టీకా ఇంజెక్షన్, ఆరో వారం ప్రాంతంలో మశూచి టీకా రెక్క పొర మీద. ఇవేమీ వెయ్యకుండా సర్టిఫికెట్ అడిగితే డాక్టరు ముందు టీకాలేయించుకు రమ్మంటాడు, కరెక్టే కదా. లసోటా సీసా వందల డోసుల్లో వస్తుంది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి, అందుకని వీధిలో నలుగురు కలిసి ఒకే రోజు వేయించుకోండి.

టెస్టులకి రక్తం తీసే రోజు ముందు రాత్రే కోళ్లన్నిటినీ గంపల కింద మూసి ఉంచండి. పొద్దున వదిలాక పట్టుకోవాలంటే డాక్టరు టైమంతా కోడి వెనక పరుగుకే సరిపోతుంది. ఒకళ్లు కోడిని పక్కకి పడుకోబెట్టి రెక్క విప్పి పట్టుకుంటే లోపలివైపు సన్నటి ఈకలు నాలుగు పీకి తడి దూదితో తుడవగానే నల్లగా నరం తేలుతుంది, అక్కడే సూది. ఒకటి రెండు ఎంఎల్ చాలు. సిరంజిలో రక్తం గడ్డకట్టి పైన లేత పసుపు నీరు తేలేదాకా ఏటవాలుగా పెట్టాలి, ల్యాబుకి పంపేది ఆ సీరమే. ఐస్ బాక్సులో పెట్టండి, డీప్ ఫ్రీజర్లో మాత్రం రక్తం పెట్టొద్దు, కణాలు పగిలి ఎర్రనీళ్లైతే టెస్టుకి పనికిరాదు.

పిల్లలు అమ్మేవాళ్లు తప్పకుండా అడగాల్సిన టెస్ట్ తెల్ల పారుడుది. ఇది తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లలోకి పోతుంది, పెట్ట మాత్రం గుండ్రాయిలా బాగానే ఉంటుంది, పొదిగిన పిల్లలే వెనకభాగం తెల్లగా అతుక్కుపోయి టపటపా రాలిపోతాయి. టెస్ట్ మాత్రం మీ కళ్ల ముందే అయిపోద్ది: తెల్లటి టైల్ మీద ఒక చుక్క రక్తం, పక్కన ఒక చుక్క ఊదారంగు యాంటిజెన్ (అంటే టెస్టు ద్రావణం), రెండూ కలిపి టైల్‌ని అటూ ఇటూ వంచుతారు. రెండు నిమిషాల్లోపు ఊదా రేణువులు ముద్దలు ముద్దలుగా విడిపోతే పాజిటివ్, అలాగే నున్నగా ఉండిపోతే నెగెటివ్. నాలుగు నెలలు దాటిన కోళ్లకే నమ్మకంగా వస్తుంది. ఆ యాంటిజెన్ బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లో ఉన్న పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్ఐ తయారుచేస్తుంది, ప్రతి మండలం ఆసుపత్రిలో స్టాకుంటుందనుకోకండి, ముందే ఫోన్ చేసి కనుక్కోండి, లేకపోతే సీరం జిల్లా ల్యాబుకి, అదే ఏడీడీఎల్ అంటారు, అక్కడికి పంపమనండి. ఒకటి రెండు పాజిటివ్ వస్తే వాటి గుడ్లు పొదిగించడం వెంటనే ఆపి వాటిని వేరు చేసి, ల్యాబులో కన్ఫర్మ్ చేయించి, మిగతావాటికి మూడు నాలుగు వారాలాగి మళ్లీ చేయించాలి.

కొక్కెర తెగులుకి సీరంలో చేసే హెచ్ఐ టెస్ట్ దగ్గర చాలామంది కంగారుపడతారు. అందులో కనపడేది యాంటీబాడీలు, టీకా వేసిన కోడికి అవి ఉండాలి, ఉన్నాయంటే టీకా పట్టిందని. కాబట్టి శాంపిల్‌తో పాటు టీకా తేదీ రాయకపోతే ఆ రిపోర్టు మీకూ అర్థం కాదు డాక్టరుకీ అర్థం కాదు. అసలు వైరస్ ఉందా లేదా తేలాలంటే గొంతు, మలద్వారం నుంచి స్వాబ్ తియ్యాలి.

చచ్చిన కోడి ఉంటే అదే అన్నిటికన్నా మంచి శాంపిల్, ఎవరూ గుర్తించరు గానీ. పొద్దున చచ్చిందంటే మధ్యాహ్నంలోపు రెండు కవర్లలో కట్టి ఐస్ మీద పెట్టి పోస్ట్‌మార్టానికి తీస్కెళ్లండి. మీరు కొయ్యకండి, కూర అసలే వద్దు, కాలవలో పడెయ్యడం అంతకన్నా వద్దు. యాంటీబయాటిక్ ఇప్పటికే పట్టించి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి, ల్యాబులో క్రిముల్ని పెంచి చూసే కల్చర్‌లో ఏమీ పెరగకపోతే ఎందుకో తెలియాలి కదా.

ఒకేసారి చాలా చచ్చి, తల నీలంగా వాచి, గుడ్లు టక్కున ఆగిపోతే సర్టిఫికెట్ మాట మర్చిపోయి వెంటనే ఆసుపత్రికి చెప్పండి, పశువుల అంటురోగాల 2009 చట్టం ప్రకారం చెప్పడం మీ బాధ్యత. బర్డ్ ఫ్లూ శాంపిల్స్ డిపార్ట్‌మెంట్ వాళ్లే తీసి భోపాల్‌లోని నిషాద్ ల్యాబుకి పంపుతారు. పాజిటివ్ వస్తే కిలోమీటరు లోపల కోళ్లన్నీ తీసేస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా. పరిహారం వాళ్లు తీసేసిన కోళ్లకే, అంతకుముందే చచ్చినవాటికి రాదు, అందుకే దాచిపెడితే నష్టపోయేది మీరే.

సర్టిఫికెట్ చేతికొచ్చాక అక్కడే నిలబడి చదవండి: మీ పేరు, ఊరు, ఎన్ని కోళ్లు, వయసు, టీకా తేదీలు, పరీక్షించిన తేదీ, ఎక్కడికి వెళ్తున్నాయి, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, సీలు. "దేశవాళీ కోళ్లు 12" అని ఊరికే రాస్తే దారిలో ఎవరడిగినా ఏ పన్నెండో చెప్పలేం, కాళ్లకి నంబరు రింగులేసి ఆ నంబర్లు, పక్కనే డేగ, కాకి, నెమలి అని రంగులూ రాయించండి. అన్నట్టు పందేలకి ఈ కాగితం అడ్డం పెట్టుకుందామని ఎవరైనా అనుకుంటే కుదరదు, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద పందెం నేరమే.

తరలించేటప్పుడు పెట్టలూ పుంజులూ ఒకే బుట్టలో వద్దు, బుట్ట ముందే కడిగి ఎండబెట్టాలి. రవాణా రూల్స్‌లో అయితే 25 డిగ్రీలు దాటితే కోళ్లని తరలించకూడదనుంది, మన దగ్గర ఏప్రిల్లో 25 ఎక్కడ దొరుకుద్దో రాసినవాళ్లకే తెలియాలి, తెల్లారగట్ట నాలుగింటికి బయల్దేరండి, ఒరిజినల్ కాగితం బండిలోనే ఉంచుకోండి. వెళ్లిన చోట కొత్త కోళ్లని కనీసం మూడు వారాలు వేరే గంపలోనే ఉంచమని కొన్నవాళ్లకి చెప్పండి.