గేరు వేయగానే ఇంజిన్ ఆగిపోతోందా? క్లచ్ ప్లేటు జోలికి పోకముందు ఇవి చూడండి

న్యూట్రల్‌లో చక్కగా తిరిగే ఇంజిన్ గేరు పడగానే ఆగిపోతుంటే రాయగడలోనైనా, జయపురంలోనైనా షెడ్డులో ముందు వినబడే మాట "ప్లేటు పోయింది, గేర్‌బాక్స్ దించాలి". అరిగిన ప్లేటు జారుతుంది. ఇంజిన్ అరుస్తుంది గానీ బండి లాగదు. మీ బండి చేస్తున్నది దానికి తిరగబడ్డ పని.

ఆగేది ఎప్పుడో ముందు తేల్చుకోండి: క్లచ్ పూర్తిగా తొక్కి ఉండగానా, వదులుతుండగానా?

తొక్కి ఉండగానే ఎగిరిపడి ఆగితే

క్లచ్ విడటం లేదు. వంగి పెడల్ కింద మ్యాట్ చూడండి. మ్యాట్ మీద మ్యాట్ వేసి, పెడల్ కిందిదాకా పోవట్లేదని ప్లేటు మార్పించినవాళ్లు ఒకరిద్దరు కాదు.

తర్వాత బ్రేకు ఆయిల్. హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే) క్లచ్ ఉన్న చాలా బండ్లలో బ్రేకుకీ క్లచ్‌కీ డబ్బా ఒకటే. క్లచ్ గొట్టం బ్రేకు గొట్టం కన్నా పైన ఉంటుంది కాబట్టి మట్టం తగ్గితే గాలి ముందు క్లచ్‌లోకే పోతుంది. బ్రేకులు బాగానే పడుతున్నాయని ఆ డబ్బా వంక ఎవరూ చూడరు. మూత మీద రాసి ఉన్న రకమే (డాట్ 3 లేదా డాట్ 4) పోసి గాలి తీయించండి, కారేచోటు వెతకండి. ఆల్టో, ఓమ్ని లాంటి కేబుల్ బండ్లకు పెడల్ ఆట (క్లచ్ పని మొదలయ్యేలోపు పెడల్‌లో ఉండే వదులు) సరిచేస్తే సరి.

కోరాపుట్ వానల్లో నెలరోజులు కదలని బండికి ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువు చక్రానికి) అతుక్కోవడమూ ఉంది.

వదులుతుండగా నీరసించి ఆగితే

ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) తక్కువ. వేడెక్కిన పెట్రోల్ ఇంజిన్ సుమారు 750-850 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర నిలబడాలి. థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వదిలే భాగం) మసి తుడిపిస్తే చాలామటుకు తీరిపోతుంది.

వదులుతుండగా స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగితే

అందర్నీ ఏడిపించేది ఇదే. వణుకు ఉండదు, నీరసం ఉండదు. ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడుతుంది. తాళం తిప్పితే వెంటనే స్టార్ట్ అవుతుంది. షెడ్డులో న్యూట్రల్‌లో గంటసేపు నడిపినా ఏమీ దొరకదు.

గేరులో బరువు పడగానే ఇంజిన్ ఓ పక్కకు ఒరుగుతుంది. మౌంటింగ్ రబ్బరు (ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచేది) చీలి ఉంటే ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. సాలూరు-సుంకి ఘాట్ ఎక్కిదిగే బండ్లకు ఆ రబ్బరు మీద పని ఎక్కువే. ఆ ఒరుగుడుకి క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరుగుతున్న తీరును కంప్యూటర్‌కు చెప్పేది) వైరో, ఇంజిన్ ఎర్త్ పట్టీయో (ఇంజిన్ నుంచి కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) లాగబడి కనెక్షన్ తెగుతుంది. ఇంజిన్ తిన్నగా కాగానే మళ్లీ కలుస్తుంది. ఫస్ట్‌లో ఆగి రివర్స్‌లో ఆగకపోతే, లేదా రివర్స్‌లోనే ఆగుతుంటే, అనుమానం దీనిమీదే పెట్టుకోండి. రెండు గేర్లలో ఇంజిన్ ఒరిగేది ఎదురెదురు దిక్కులకు మరి. క్లచ్ పని చేయించిన వారానికే మొదలైతే అనుమానం రెట్టింపు: గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు ఎర్త్ పట్టీ బిగించడమో, వైరు క్లిప్పు పెట్టడమో మరిచిపోయి ఉంటారు.

పరీక్షకు బండి ముందూ వెనకా మనుషులు ఉండకూడదు. హ్యాండ్‌బ్రేకు లాగి, బ్రేకు గట్టిగా తొక్కి, ఒకరు ఫస్ట్‌లోనూ రివర్స్‌లోనూ క్లచ్ కొంచెం కొంచెం వదలాలి. రెండోవారు పక్కన నిలబడి చూడాలి. ఇంజిన్ అంగుళం పైన ఊగితే మౌంటింగ్ పోయినట్టే. తర్వాత బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్ బ్లాకుకు జంపర్ కేబుల్ కలిపి మళ్లీ చేయండి. ఆగడం మానేస్తే ఎర్త్ పట్టీ మార్చండి. మల్టీమీటర్ ఉంటే బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య స్టార్టర్ తిరిగేటప్పుడు 0.5 వోల్టు దాటకూడదు. స్టార్ట్ చేశాక క్లచ్ కేబుల్ వేడిగా తగిలితే కరెంటు పట్టీ వదిలి దాని దారిన పోతోందన్నమాట. జంపర్‌తో మార్పు లేకపోతే సెన్సార్ వైరును సాకెట్ దగ్గర పట్టుకుని చూడండి. వరిచేల పక్క ఊళ్లలో ఎలుక కొరికిన చోటు కూడా అక్కడే దొరుకుతుంది. వైరు అతికి, పట్టీ మార్చి ఊరుకోకండి, మౌంటింగ్ కూడా మార్చండి. రబ్బరు అలాగే ఉంటే కొత్త వైరూ తెగుతుంది.

ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఉండేది) లాకప్ విడకపోవడం, డీజిల్‌లో ఈజీఆర్ వాల్వు (పొగను కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) తెరుచుకుని ఉండిపోవడం కూడా ఉంటాయి. పైవన్నీ అయ్యాకే వాటి సంగతి.