పహియాస్ పంటల పండుగ చూడటానికి లుక్బాన్ వెళ్లడం ఎలా?

ఫిలిప్పీన్స్‌లోని కేసోన్ ప్రావిన్సులో, బనాహవ్ పర్వతం దిగువన ఉన్న లుక్బాన్ పట్టణంలో ఏటా మే 15న ఇళ్ల ముంగిళ్లు వరి వెన్నులతో, కూరగాయలతో, పండ్లతో, రంగురంగుల బియ్యప్పిండి రేకులతో నిండిపోతాయి. రైతులకు పాలక పునీతుడిగా కాథలిక్కులు కొలిచే సాన్ ఇసిద్రో లాబ్రడోర్‌కు, చేతికందిన పంట కోసం ఆ ఊరివారు తెలుపుకునే కృతజ్ఞతే పహియాస్.

పండుగ తేదీ మారదు కనుక బసను నెలల ముందే కుదుర్చుకోండి. మనీలా నుంచి లుక్బాన్ సుమారు 130 కిలోమీటర్లు. బస్సులో దగ్గరి నగరమైన లుసేనా చేరి, అక్కడి నుంచి జీప్నీలో (జీపులాంటి చిన్న ప్రయాణికుల బండిలో) వెళ్లవచ్చు. లుక్బాన్‌లో గది దొరకకపోతే లుసేనాలో ఉండటం మేలు.

వీలైతే 14వ తేదీకే ఊరు చేరండి, ఎందుకంటే అలంకరణ పూర్తయిన ఇంటిని చూడటం కన్నా, ఇంటిల్లిపాదీ నిచ్చెనలెక్కి దాన్ని అలంకరిస్తుండగా చూడటంలోనే ఈ పండుగ బాగా అర్థమవుతుంది. ఇళ్లకు కట్టే ఆ బియ్యప్పిండి రేకుల పేరు కిపింగ్. బియ్యాన్ని నానబెట్టి రుబ్బి, రంగు కలిపిన పిండిని నిజమైన ఆకులపై పలుచగా పూసి, ఆవిరిపై ఉడికించి, ఆకును ఒలిచేసి ఆరబెడతారు. ఆకు ఈనెలతో సహా అచ్చు పడిన ఆ రేకు వెలుతురులో అద్దంలా మెరుస్తుంది. ఆత్రేయపురం పూతరేకు తెలిసిన మనకు బియ్యప్పిండి ఇంత పలుచన కావడం వింత కాదు గానీ, వందలాది రేకులను గుచ్చి అరాంగ్యా అనే దీపగుచ్ఛంలా వేలాడదీయడం మాత్రం కళ్లారా చూడవలసినదే.

15న ఎండ ముదరకముందే నడక మొదలుపెట్టండి. పునీతుని విగ్రహంతో సాగే ఊరేగింపు దారి ఏటా మారుతుంది. అన్ని వీధులవారికీ వంతు రావాలన్నదే అందులోని ఉద్దేశం. కాబట్టి ఆ యేటి దారి ఏదో ముందుగా అడిగి తెలుసుకోండి. ఆ వీధుల్లో వాహనాలు తిరగవు కనుక గట్టి చెప్పులు, నీళ్లు, గొడుగు అవసరం. కొండ పక్క ఊరు కావడంతో మధ్యాహ్నం వాన పడే అవకాశమూ ఉంది.

ఆ ఇళ్లలో మనుషులు నివసిస్తున్నారని మరచిపోవద్దు. లోపలికి వెళ్లాలన్నా, ఇంటివారిని ఫొటో తీయాలన్నా అనుమతి అడగండి. వెళ్లేటప్పుడు ‘సలామత్ పో’ (ధన్యవాదాలండీ) అనండి. ఆ ‘పో’ మన ‘అండీ’ వంటి మర్యాద మాట.

అరటాకులో పెట్టే పన్సిత్ హబ్‌హబ్ అనే నూడుల్స్‌ను వెనిగర్ చల్లి, చెంచా లేకుండా ఆకుతోనే నోటికి అందించుకుంటారు. అందులో సాధారణంగా మాంసం ఉంటుంది. వెల్లుల్లి ఘాటున్న లుక్బాన్ లాంగనీసా అనే సాసేజ్ పంది మాంసంతో చేసినదే. శాకాహారులు ముందే అడగడం మంచిది.

పునీతుని విగ్రహం సాగే ఊరేగింపు ముగిసేదాకా అలంకరణల నుంచి దేన్నీ తుంచవద్దు. ఆ తరువాత ఇంటివారే పండ్లు, కూరగాయలు, కిపింగ్ పంచిపెట్టే ఆనవాయితీ ఉంది. కిపింగ్ ఇట్టే విరుగుతుంది కనుక గట్టి అట్టల మధ్య పెట్టి తెచ్చుకోండి. అక్కడివారు దాన్ని నూనెలో వేయించుకొని తింటారు, కానీ వీధిలో వేలాడినదానిపై దుమ్ము పడి ఉంటుంది కాబట్టి తినడానికి విడిగా అమ్మేదాన్నే కొనుక్కోండి.